ఏటి కచేరీల వేసవి

1979 ఏప్రిల్ 11, బుధవారం

వేలూరు నుంచి మధ్యాహ్నం బస్సుకి వచ్చాను. డాక్టరు కాగితం మీద చెవి బొమ్మ గీసి చూపించాడు. కుడి చెవి నరం చచ్చిపోయిందట. ఫాల్గుణంలో వచ్చిన జ్వరం చేసిన పని. మందు లేదు, ఆపరేషన్ లేదు. ఎడమ చెవి బాగానే ఉంది కదా అన్నాడు, ఓదార్పుగా.

ఏం ఉద్యోగం అని అడిగాడు. ఆడపిల్లల బడిలో సంగీతం పంతులునన్నాను. వయొలిన్ నా చేతికొచ్చి ముప్పై ఏళ్లయిందనీ, పెద్ద పెద్ద పాటగాళ్ల పక్కన కూర్చుని వాయించేవాడిననీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తెలియదు. చెబితే ఆ మాట కూడా కాగితం మీద రాస్తాడని భయం కాబోలు.

రంగనాయకికి చెప్పాను. బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట కింద పెట్టింది. "ఇంకెవురికీ సెప్పబాకండి" అంది. భార్య కదా. నా మనసులో ఉన్నదే అంది.

ఏప్రిల్ 12

హోరు. పొద్దున లేచింది మొదలు ఒకటే హోరు.

ఏప్రిల్ 14

ఆ హోరుకి ఒక స్థాయి ఉంది. ఇవాళ కనిపెట్టాను. తంబుర ముందు పెట్టుకుని కూర్చుంటే... తంబుర షడ్జం పలుకుతుంది. చెవిలోది షడ్జానికి కొంచెం పైన, రిషభానికి కొంచెం కింద. ఏ స్వరమూ కాదు. ఏ రాగంలోనూ దానికి చోటు లేదు. అది ఆగదు.

ఎడమ చెవికి తంబుర ఆనించుకుని అరగంట కూర్చున్నాను. కొంత నయం.

ఏప్రిల్ 17

మునస్వామి నాయుడు వచ్చాడు, ఏటి కచేరీల ఉత్సవాల కరపత్రం పట్టుకుని. అచ్చు వాసన ఇంకా పోలేదు. మే ఆరు నుంచి పదమూడు దాకా, ఎనిమిది రోజులు, ఎప్పటిలాగే స్వర్ణముఖి ఇసుకలో. కార్యదర్శి కదా, మనిషి వెలిగిపోతున్నాడు.

"సామీ, పెద్దాయన ఒప్పుకున్నాడు. ఏడేండ్ల తర్వాత. ఆఖరి రోజు పెట్టినా. పక్కన వయొలిన్ ఎవురు అని మద్రాసు నుంచి అడిగినారు. మా సామి ఉండాడు, ఇంకెవురూ వద్దన్నా."

మద్రాసు పాటగాళ్లలో పెద్దాయన అంటే మాటలు కాదు. ఆయన స్వరాలు వేస్తే ఎటు పోతాడో, ఎక్కడ ఆపుతాడో ముందు చెప్పడు. కళ్లు మూసుకుని పాడతాడు. సైగ చేయడు. ఆయన ఆపిన చోట వయొలిన్ అందుకుని జవాబు వేయాలి. వినాలి. వినడం తప్ప దారి లేదు.

నాయుడు నా కుడి పక్క కూర్చుని ఇంకేదో చెప్పాడు. నవ్వాను. నవ్వవలసిన మాటేనా?

ఏప్రిల్ 18

రాత పని ఏదీ లేదు, అయినా రాస్తున్నాను. నిన్నటి నుంచి ఆ ఇసుకే కళ్ల ముందు.

మా గురువుగారు వేసవిలో ఇంట్లో ఉక్క తట్టుకోలేక సాయంత్రాలు ఏట్లో కూర్చుని సాధన చేసేవారు. ఎడ్లు తోలుకుపోయేవాళ్లు ఆగి వినేవాళ్లు. తర్వాత నాయుడి నాయన ఒక చాప వేయించాడు. ఆ మరుసటి ఏడు నాలుగు తాటాకులు కప్పి పందిరన్నాడు. అదే మొదలు. వడమాలపేట నుంచి మా నాయన నన్ను బండిలో తీసుకొచ్చాడు. నాకు ఎనిమిదేళ్లు. జనం చెలమలు తవ్వుకుని ఆ నీళ్లు తాగి, వెచ్చటి ఇసుకలో కూర్చుని విన్నారు. మైకు లేదు. పాడేవాడి గొంతు ఎంత దూరం పోతే జనం అంతవరకే. "ఏట్లో నీళ్లున్నప్పుడు కచేరీ లేదు, కచేరీ ఉన్నప్పుడు నీళ్లు లేవు" అని గురువుగారు నవ్వేవారు.

తర్వాత మైకు వచ్చింది, గొట్టాల్లాంటి స్పీకర్లు వచ్చాయి, మద్రాసు విద్వాంసులు వచ్చారు, కార్లు వచ్చాయి. పందిరి మాత్రం వేదికకే. జనానికి ఆకాశమే. గురువుగారు చనిపోయిన ఏడు కూడా ఉత్సవం ఆపలేదు. ఆయన కూర్చునే చోట నన్ను కూర్చోబెట్టారు. అప్పటి నుంచి ఒక్క ఏడు తప్పలేదు.

ఏప్రిల్ 21

రంగనాయకిని కుడి పక్క కూర్చోబెట్టుకుని పాడమన్నాను. పెండ్లికి ముందు బాగా పాడేది. మోహన వర్ణం ఎత్తుకుంది. తెలిసిన పాట కాబట్టి సాగింది. "నీకు తోచినట్టు స్వరాలు వెయ్యి" అన్నాను. వేసింది. నాలుగింటికి రెండు తప్పాను. గొంతు ఎక్కడో గోడ అవతల ఉన్నట్టుంది. మళ్లీ అన్నాను. మళ్లీ వేసింది. మూడోసారికి ఏడుస్తూ పాడుతోంది. అదీ నాకు వినపడలేదు. తిరిగి చూస్తే కనపడింది.

ఏప్రిల్ 22

తల పక్కకి తిప్పి, ఎడమ చెవి పాటవైపు వచ్చేట్టు కూర్చుని అద్దంలో చూసుకున్నాను. జనానికి వీపు చూపించి అలిగి కూర్చున్నవాడిలా ఉన్నాను.

ఏప్రిల్ 25

ఒక దారి ఉంది. పొద్దుటి నుంచి దాని చుట్టూనే తిరుగుతున్నాను.

వేదిక మీద పాడేవారికి కుడివైపు మృదంగం, ఎడమవైపు వయొలిన్. అలా కూర్చుంటే నా కుడి చెవే పాటవైపు ఉంటుంది. కానీ మృదంగం వాయించేవాడిది ఎడమచేతి వాటమైతే అతను ఇటు వస్తాడు, వయొలిన్ అటు పోతుంది. అప్పుడు నా ఎడమ చెవి పాటవైపు.

ఎడమచేతి వాటం ఉన్నవాడు ఈ జిల్లాలో ఒక్కడే. చిత్తూరు గురప్ప.

గురప్ప, నేను ఒకే గురువు దగ్గర పెరిగాం. ఆయన నాకు వయొలిన్ నేర్పుతుంటే వాడు పక్కన తాళం వేసేవాడు. ఏడేళ్ల కిందట, ఇదే ఉత్సవంలో, ఇదే పెద్దాయన కచేరీకి వాడి పేరు వేశారు. నేనే అడ్డం పడ్డాను. "ఇన్నేళ్లుగా కూర్చున్న జాగా నేను మారను, ఎడమచేతి వాడి కోసం నేను లేచి అటు పోవాలా?" అన్నాను. నలుగురిలో అన్నాను. వాడి పేరు తీసేశారు. ఆ తర్వాత వాడిని ఏటి కచేరీలకి ఎవరూ పిలవలేదు.

ఇప్పుడు వాడి దగ్గరికే పోవాలి.

ఏప్రిల్ 28, శనివారం

చిత్తూరు పోయి వచ్చాను. గురప్ప ఇంటి వసారాలో మృదంగాలకు తోలు మూతలు బిగిస్తున్నాడు. ఇప్పుడు అదే పని, అప్పుడప్పుడూ హరికథలకు వాయిస్తాడట. నన్ను చూసి లేవలేదు. చాప మాత్రం జరిపాడు.

ఈ ఏడు నువ్వు వాయించాలి గురప్పా, జరిగింది తప్పు, నేను నాయుడితో మాట్లాడతాను అన్నాను. పెద్ద మనసున్నవాడిలా అన్నాను. వాడు తోలు వారు లాగుతూ వింటున్నాడు. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

"మూడు తూర్లు పిలిచినా శేషాద్రీ. నీ పక్కనే ఉండా. యాడుండాది నీ మనసు?"

కుడి పక్క కూర్చున్నాడు. నేను గమనించనే లేదు.

"నిజం సెప్పు. ఏడేండ్లు నా గడప తొక్కనోడివి. ఊరికే రావు నువ్వు."

చెప్పాను. మొత్తం చెప్పాను. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. వాడు చేతిలో మృదంగం కింద పెట్టాడు. అప్పుడు లేచి వచ్చి ఎడమ పక్క కూర్చున్నాడు.

"నా కోసం వచ్చినావనుకుంటి" అన్నాడు. "నీ కోసమే వచ్చినావు. సరేలే. పిలిపించు, వస్తా."

ఏప్రిల్ 29

వాడు అన్నం పెట్టకుండా పంపలేదు. 

మే 2

నాయుడి ఇంటికి పోయాను. గురప్ప మాట ఎత్తాను.

"ఏంది సామీ, ఆ పొద్దు వద్దన్నదీ మీరే! పెద్దాయన తన మృదంగం మనిషిని ఎంటబెట్టుకోనొస్తాండాడు. నేనేమని సెప్పేది? కారణం ఉంటే సెప్పండి."

కారణం నాలుక మీదే ఉంది. నాయుడు నా నోటివైపే చూస్తున్నాడు. కారణం చెబితే గురప్ప రాడు. మద్రాసు నుంచి ఇంకో వయొలిన్ వస్తుంది. అంతే. ఇంక ఎప్పటికీ అంతే.

"ఊరికే అడిగాను" అన్నాను.

మే 4

గురప్ప కార్డు రాశాడు. మృదంగానికి కొత్త మూత వేసుకున్నాడట. ఏ రోజు రావాలి అని అడిగాడు.

జవాబు రాయలేదు.

మే 6

ఉత్సవం మొదలైంది. పోలేదు. జ్వరమని చెప్పి పంపాను. గాలి ఇటు తిరిగినప్పుడు నాదస్వరం వినిపించింది, ఒక్క పక్క.

మే 9

సాయంత్రం గాలిదుమారం. పందిరి ఆకులు లేచిపోయాయట. కచేరీ ఆగిపోతుందేమో, ఆఖరి రోజు కూడా ఇలాగే అవుతుందేమో అని... దేవుడికి మొక్కుకున్నాను. గురువుగారు మొదలుపెట్టిన ఉత్సవం పాడవాలని మొక్కుకున్నాను.

మే 11

రంగనాయకి నా కాళ్ల దగ్గర కూర్చుంది. "మానేయండి. కడుపులో నొప్పనండి. ఏదో ఒకటి సెప్పండి."

సరేనన్నాను. చొక్కా వేసుకుని నాయుడి ఇంటికి పోయాను. ఇంటినిండా జనం. నన్ను చూసి నాయుడు అందరికీ వినపడేట్టు, "ఇదో, మా సామి! పెద్దాయనకి సమానంగా నిలబడేది ఈయనొక్కడే" అన్నాడు.

కాఫీ తాగి వచ్చేశాను.

మే 13

బట్టలు ఇస్త్రీ అయ్యాయి. కమాను బిగించాను. ఇక పోవాలి.

మే 14

రాయాలి. రాయకపోతే తల పగిలేట్టుంది.

వర్ణం బాగానే పోయింది. మొదటి కృతి బాగానే పోయింది. తెలిసినవి కదా, వేళ్లే పోతాయి. పెద్దాయన ఒకసారి నావైపు తల ఊపాడు. బతికాననుకున్నాను.

కాంభోజి ఎత్తుకున్నాడు. అక్కడ మొదలైంది. స్పీకర్లు జనంలో పెట్టారు, నా ఎడమ పక్క, దూరంగా. పాట నా కుడి పక్క, చెయ్యి చాపితే అందేంత దగ్గర. దగ్గరది వినపడదు. దూరంగా పోయి, గొట్టంలోంచి తిరిగి వచ్చింది వినపడుతుంది — ఒక్క క్షణం ఆలస్యంగా. ఆ క్షణం వెనకే నేను. ఆయన ముందు, నేను వెనక. రాగంలో అయితే ఎలాగో నెట్టుకొచ్చాను.

స్వరాల్లో దొరికిపోయాను. ఆయన ఇంకా ఆపకముందే నేను అందుకున్నాను. చెయ్యెత్తి ఆగమన్నాడు. ఆగాను. మళ్లీ ఆయన ఆపినప్పుడు నేను అందుకోలేదు. మృదంగం మనిషి నావైపు చూస్తున్నాడు. ముందు వరసలో ఎవరో నవ్వారు. చెమటకి తీగ దిగిందేమోనని బిరడా తిప్పాను. ఏ స్వరానికి సరిచేశానో ఇప్పుడు తెలుస్తోంది. చెవిలో హోరుకి సరిచేశాను. కమాను వేయగానే జనమంతా ఒక్కసారి... ఆ శబ్దం మాత్రం ఎడమ చెవికి బాగా వినపడింది.

పెద్దాయన నావైపు వంగి ఏదో అడిగాడు. వినపడలేదు. మళ్లీ అడిగాడు. తల ఊపాను. ఆయన తిరిగిపోయి, మైకులో "పరవాలేదు, పరవాలేదు" అన్నాడు. ఆ తర్వాత నాకు ఒక్క వంతు కూడా ఇవ్వలేదు. మిగతా కచేరీ అంతా కమాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అందరి ముందూ.

లేచేసరికి కళ్లు తిరిగాయి. మెట్టు తప్పి ఇసుకలో పడ్డాను. ఎవరో రెక్క పట్టుకుని లేపి, మొహం దగ్గర మొహం పెట్టి వాసన చూశారు.

మే 15

పొద్దున్నే నాయుడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"సామీ, ఊరంతా ఒకటే మాట. తాగి వచ్చినాడంటాండారు. నేను నమ్మలా. కానీ పెద్దాయన పిలిస్తే పలకకపోతిరి. మెట్ల మీద తూలితిరి. నాకొక్కడికే సెప్పండి. తాగినారా?"

 అతనే మళ్లీ అన్నాడు, గొంతు తగ్గించి, ఎడమ పక్కకి వచ్చి —

"తాగుంటే తాగినానని సెప్పండి. ఒకదినం కాలు జారినాది. పెద్దోళ్లకే తప్పలేదు. వచ్చే ఏడుకి అందురూ మరిసిపోతారు, మళ్లీ మిమ్మల్నే కూర్చోబెడతా. ఇంకేదైనా జబ్బంటే మాత్రం... అప్పుడు నా సేతిలో ఉండదు."

మా నాయన నుదుటి మీద నామం చెరిగితే మంచినీళ్లు కూడా తాగేవాడు కాదు. ఆయన కొడుకుని.

"అవును" అన్నాను. "తాగాను."

వంటింట్లో గిన్నె పడింది.

మే 16

రంగనాయకి మాట్లాడటం లేదు.

మే 18

మాట్లాడింది. కుళాయి దగ్గర నుంచి ఖాళీ బిందెతో వచ్చింది. అక్కడ ఆడవాళ్లు తనని చూసి మాట ఆపేశారట. ఒకావిడ జాలిగా, కొడతాడా అని అడిగిందట.

"చెవుడు పాపమా? సెప్పుకుంటే ఏమవుతాది? తాగుబోతు పెండ్లాన్ని చేసినారే నన్ను!"

చెవిటివాణ్ని ఎవరూ పక్కన కూర్చోబెట్టుకోరు రంగూ, తాగినవాణ్ని క్షమిస్తారు... అనలేదు. అనుకున్నాను.

మే 22

గురప్ప వచ్చాడు. కార్డుకి జవాబు రాయనివాడి ఇంటికి, తనే వచ్చాడు. నేరుగా నా ఎడమ పక్క కూర్చున్నాడు.

"ఆ పొద్దు నేను ఇసకలో కూర్చోనుంటి, వెనకాల. అంత మందిలో నాకొక్కడికే తెలుసు నువ్వు తాగలేదని. లేచి సెప్పాలనిపించినాది. కాళ్లు లేవలే. ఒట్టు ఒకటి. ఇంకొకటి సెప్పనా... లోపల యాడో, బాగా అయినాది వీడికి, అనుకుంటి. నాయుడు నిన్ను అడిగినాక నువ్వు ఒప్పుకున్నావని ఇనినప్పుడు మాత్రం నిద్ర పట్టలే."

వాడు ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. వాడి కొత్త మూత వేసిన మృదంగం ఏమైందని అడిగాను. ఒక హరికథలో వాయించాడట. బాగా పలికిందట.

పోయేముందు రంగనాయకితో అన్నాడు: "అమ్మా, నేను సెప్పను. ఆయప్ప నోటితోనే రావాల."

మే 30

బడి నుంచి కాగితం. మద్యం సేవించి బహిరంగ సభలో అనుచితంగా ప్రవర్తించినట్టు తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. ఆడపిల్లల పాఠశాల గనుక... బడి తెరిచే జూన్ పదకొండు ఉదయం పది గంటలకు సంజాయిషీ రాతపూర్వకంగా తీసుకురావాలి. లేకుంటే...

ఇది నేను ఆలోచించనే లేదు. ఏటి గురించే ఆలోచించాను. ఇరవై ఏళ్లుగా జీతమిచ్చి అన్నం పెట్టింది బడి.

జూన్ 4

వసంత వచ్చింది. నా దగ్గర నేర్చుకునే పిల్లల్లో అందరికన్నా చురుకైనది, పదిహేనేళ్లు. నేను ఇచ్చిన వయొలిన్ తిరిగి ఇచ్చేయమని వాళ్ల నాయన పంపాడట. పెట్టె నా ముందు పెట్టి నిలబడింది.

"సార్, మీరు తాగుతారంటే మా ఇంట్లో అందురూ నమ్మినారు. నేను నమ్మలా. ఏప్రిల్లో నేను తీగ తప్పు శ్రుతి చేస్తే మీరు సరే అన్నారు. రెండు తూర్లు. మీరు ఎప్పుడూ అట్ల అనరు కదా సార్. చెవి నొప్పా?"

"లేదమ్మా" అన్నాను. ఎంత త్వరగా అన్నానో. పిల్ల తల వంచుకుని పోయింది.

ఇరవై ఏళ్లు చెవులు పెట్టి వినమని నేర్పాను. విన్నది అదొక్కతే. దానితోనూ అబద్ధం.

జూన్ 8

నాయుడు కబురు. పెద్దాయన నవ్వేశాడట. ఒక సాయంత్రం తప్పు తప్పు కాదులే అన్నాడట. ఆషాఢానికి ముందే చంద్రగిరిలో ఒక కచేరీ ఉందట, చిన్న పాటగాడు, పక్కన నన్నే అడుగుతున్నారట. ఆదివారం సాయంత్రం ఐదింటికి మాట తీసుకోవడానికి మనిషిని పంపుతాడట.

నా అబద్ధం పని చేసింది. అనుకున్నట్టే చేసింది.

జూన్ 10, ఆదివారం

రేపు పదింటికి బడి. ఈ రోజు ఐదింటికి చంద్రగిరి మనిషి.

పొద్దుటి నుంచి సంజాయిషీ కాగితం ముందు కూర్చున్నాను. మొదట, "ఆ రోజు జరిగినదానికి క్షమాపణ కోరుతున్నాను, ఇక ముందు మద్యం ముట్టనని హామీ ఇస్తున్నాను" అని రాశాను. బాగా రాశాను. క్షమిస్తారేమో కూడా. మళ్లీ చదివాను. చింపేశాను.

ఇంకో కాగితం.

"నేను తాగలేదు."

అక్కడ ఆగింది. ఆ వాక్యం ఒక్కటే ఇస్తే ఎవరూ నమ్మరు. దాని పక్కన ఇంకో వాక్యం కావాలి. ఆ వాక్యం బడికి చేరితే సాయంత్రానికి నాయుడికి చేరుతుంది, వారానికి మద్రాసు చేరుతుంది. బడి మాత్రం ఉంచుకుంటుందని ఏముంది — చెవిటి సంగీతం పంతులుని?

మూడు కొట్టింది. నాలుగు కొట్టింది. ఎండ గడప దిగింది.

రంగనాయకి వచ్చి కాగితం తీసుకుని చదివింది. రెండే మాటలున్న ఆ వాక్యాన్ని చాలాసేపు చదివింది.

"తర్వాత?" అంది.

నాకు బాగా వినపడింది. వినపడనట్టు కూర్చున్నాను.

"తర్వాత ఏందండీ?" కాగితం నా ముందు పెట్టి, కలం దాని మీద పెట్టింది. పోలేదు. నిలబడే ఉంది.

ఐదు కొట్టింది. వీధిలో సైకిల్ ఆగింది. తలుపు తడుతున్నారు.